గీతలు అరిగిన వేళ్ళకి పూచీ పడిన సారు

సారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున్న వచ్చింది. మా జీడి బట్టీలో పప్పు పొట్టు తీసే పని అప్పుడే మొదలైంది. పలాస డయాలసిస్ సెంటర్లో పనిచేసే నర్సు ఫోన్ చేసి, "సారు ఈ రోజు రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే తెల్లారగట్ల పోయారని చెప్పారు. మీకు చెప్పాలనిపించింది" అంది. నేను మిషన్ ఆపేశాను. నా మొహం చూసి మా పెద్దమ్మ "ఎవుళే?" అని అడిగింది. చెప్పాను. చేతిలో పప్పు తట్టలో వేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. తుడిచిన చెయ్యే మళ్ళీ తుడుచుకుని, "మరింక మనకి ఆఫీసు నేదు" అంది.

ఆఫీసు ఉంది. బోర్డు ఉంది, ఏసీలు ఉన్నాయి, గోడ మీద పథకాల పోస్టర్లున్నాయి. అయినా పెద్దమ్మ అన్నదే నిజం.

సారు చిన్న పరిశ్రమల ఆఫీసులో ఆఫీసరు. పలాస, టెక్కలి, ఉద్దానం వైపు ఊళ్ళు ఆయన కింద ఉండేవి. చిన్న వ్యాపారాలు కంప్యూటర్లోకి రావడానికి, కెమెరాతో గ్రేడింగ్ చేసే మిషన్లు పెట్టుకోవడానికి, సరుకు ఆన్‌లైన్‌లో అమ్ముకోవడానికి ప్రభుత్వం ఖర్చులో కొంత భరించే పథకం ఒకటుంది. అది మా వైపు జనానికి చేరేలా చూడటం ఆయన ఉద్యోగం. అదే ఉద్యోగంలో ఉండి బ్యానర్ కట్టి, మైకు పట్టుకుని 'ఇన్నోవేషన్, ఇన్నోవేషన్' అని, బిస్కెట్లు పంచి కారెక్కినవాళ్ళని నేను చూశాను. అందుకే సారు మొదటిసారి మా బట్టీకి వచ్చినప్పుడు మర్యాదగా మాట్లాడబుద్ధి కాలేదు.

"ఏటి సారూ, మళ్ళీ ఫొటోలు దిగడానికొచ్చారా?"

ఆయన గుమ్మంలో బూట్లు విప్పుతూ తలెత్తారు. "నా మొకానికి ఫొటో ఎవుడు తీత్తాడమ్మా? టీ ఉందేటి మీ కాడ?"

"ఉంది. పంచదార నేదు."

"మరీ మంచిది. డాక్టరు కూడా అదే సెప్పినాడు."

ఆయనదీ ఉద్దానమే. ఆఫీసులో పుస్తకంలా మాట్లాడేవారు, బట్టీలోకి వస్తే మా మాటే. ఈ వైపు ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బే ఆయనకీ ఉంది. అది దాచిపెట్టలేదు, దాని గురించి ఎక్కువ చెప్పనూ లేదు.

మా బట్టీ సంగతి చెప్పాలి. తుపానుకి జీడి తోటలు పడిపోయాక, అప్పటిదాకా పెద్దమ్మ వాళ్ళు పనిచేసిన బట్టీ షావుకారు కూలి తగ్గించాడు. పెద్దమ్మ ఎదురు మాట్లాడి, తనతో వచ్చిన ఆడవాళ్ళని కూడగట్టుకుని పూండి దగ్గర ఒక షెడ్డు అద్దెకి తీసుకుంది. జీడి పిక్కలు ఉడకబెట్టడం, కొట్టడం, పొట్టు తీయడం, పప్పు ఏరడం అన్నీ మావాళ్ళే. ఫోన్లో వీడియోలు చూసి కంప్యూటర్ పని నేర్చుకున్నాను కాబట్టి బిల్లులు, అమ్మకం నా పని. సరుకు మంచిదే. కానీ పట్నం షాపులవాళ్ళు గుండు పప్పులో విరిగిన బద్ద కలిసింది, తెలుపులో మాడినది కలిసింది అని వెనక్కి పంపేవాళ్ళు. వాళ్ళ బేరం నిలవాలంటే కెమెరా మిషన్ కావాలి. మిషన్ లేకపోతే షెడ్డు మూసుకోవాలి, మళ్ళీ షావుకారు దగ్గరికే పోవాలి. ఆ షావుకారు దారిలో కనిపించినప్పుడల్లా పెద్దమ్మతో, "ఎప్పుడొత్తారో రండి, మీరు కూకున్న పీటలు ఇంకా తియ్యనేదు" అనేవాడు. ఆ మాట విన్న రోజు పెద్దమ్మ అన్నం సరిగ్గా తినేది కాదు.

సారు మా దగ్గర పప్పు ఊరికే ఎప్పుడూ తీసుకోలేదు. వచ్చిన ప్రతిసారీ ఒక చిన్న పొట్లం కొనేవారు. "బిల్లు కొట్టు" అనేవారు. నేను కొత్తగా ఎక్కించిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చూడటానికే అదంతా. ప్రింటు ఆలస్యమైతే కొట్టు ముందు విసుక్కునే గిరాకీలా గడియారం చూసేవారు, "నాను పక్క కొట్టుకి పోతాను" అని బెదిరించేవారు. పెద్దమ్మ నవ్వుతూ "పోండి బాబూ, ఆడు బద్దలు కలుపుతాడు" అనేది.

నా నోటి సంగతి ఆయనకి తొందరగానే తెలిసింది. పథకం దరఖాస్తు వెబ్‌సైటు మొరాయించినప్పుడల్లా నేను పైఆఫీసుకి మెయిల్ రాసేదాన్ని. అందులో ఏం ఉండేదో ఇక్కడ రాయలేను. పంపేముందు తనకి చూపించాలని సారు ఒట్టు వేయించుకున్నారు. చదివి, "తిట్టు తీసెయ్, తేదీ పెట్టు" అనేవారు. "నువ్వు రాసింది నిజమే తల్లీ. కానీ తిట్టుంటే ఆడు తిట్టుకి జవాబిత్తాడు. తేదీ ఉంటే పనికి జవాబివ్వాలి." ఇప్పుడు కూడా మెయిల్ రాస్తున్నప్పుడు ముందు తిట్లే వస్తాయి. కూర్చుని ఒక్కొక్కటీ తీసేస్తాను. మంట తగ్గదు కానీ జవాబులు వస్తున్నాయి.

దరఖాస్తులో చివరి మెట్టు వేలిముద్ర. సభ్యులందరూ వేలు పెడితేనే యూనిట్ వాళ్ళదని కంప్యూటర్ ఒప్పుకుంటుంది. జీడిపప్పు తినడమే తెలిసినవాళ్ళకి ఒక మాట చెప్తాను. పిక్క పెంకులో నల్లటి నూనె ఉంటుంది. బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా అది చర్మాన్ని తింటూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి పిక్కలు కొట్టిన వేళ్ళ మీద గీతలు మిగలవు. మిగిలిన కాస్త గీతల్ని మావాళ్ళే చేతులారా పోగొట్టుకున్నారు. సర్కారు మిషన్ మీద నల్ల వేళ్ళు పెడితే బాగోదని, వెళ్ళే ముందు రోజు అందరూ కూర్చుని ఇటుక పొడితో, నిమ్మ చెక్కలతో రుద్దుకున్నారు. పెద్దమ్మ కొబ్బరి పీచు కూడా పెట్టింది. వేళ్ళు పెళ్ళికూతురి వేళ్ళలా తెల్లబడ్డాయి. గాజులా నున్నబడ్డాయి కూడా.

ఆఫీసులో ఒక్కొక్కరూ వేలు పెడుతుంటే మిషన్ ఎర్ర లైటు వెలిగించింది.

"ఓలె, నువ్వు బతికి నేవంట!" అని ఒకామె నవ్వింది.

"మా ఆయనకి సెప్పకే, సంబరపడిపోతాడు" అంది వేలు పెట్టినామె.

పెద్దమ్మ వేలికీ ఎర్ర లైటే వెలిగేసరికి నవ్వులు ఆగిపోయాయి. కంప్యూటర్ ముందున్న కుర్రాడు మా వైపు చూడకుండానే, "వీళ్ళ వేళ్ళు పనికిరావు సార్. యూనిట్ మగాళ్ళ పేరు మీద పెట్టెయ్యండి. లేదా ఎవరైనా షావుకారు పేరు మీద పెట్టి వీళ్ళని కూలీలుగా చూపించండి. ఈ రోజే పనైపోద్ది" అన్నాడు.

"పనికిరావా? ఆ వేళ్ళు ఒలిసిన పప్పే కదరా నువ్వు పాయసంలో ఏరుకుని తింతావు!" అని అరిచాను.

సారు చెయ్యెత్తి నన్ను ఆపారు. కుర్రాడినీ కసురుకోలేదు. "బాబూ, ఆ గీతలు పని తినేసింది. పని చేసినందుకు మనం వాళ్ళకి శిక్ష వెయ్యకూడదు. పేర్లు మార్చే మాట ఇంకెప్పుడూ అనకు" అన్నారు.

గడువు దగ్గర పడింది. కంటిపాపతో మనిషిని గుర్తుపట్టే మిషన్ టెక్కలిలో ఒక ఆఫీసులో ఉందని ఆయనకి తెలుసు. ఫోన్ చేస్తే ఇవ్వడం కుదరదన్నారు. సారు స్వయంగా వెళ్ళి, ఇచ్చేదాకా అక్కడే కూర్చున్నారు. దాన్ని తువ్వాలులో చుట్టి, స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని నేరుగా మా షెడ్డుకి తెచ్చారు. ముందు రోజే డయాలసిస్ అయింది. చెయ్యి మీద సూదుల కట్లు ఇంకా ఉన్నాయి.

"మీరు ఆఫీసుకి రావడం అయింది. ఇప్పుడు ఆఫీసు మీ కాడికొచ్చింది" అన్నారు.

ఒక్కొక్కరూ కళ్ళు పెట్టారు. "పెద్దగా తెరువే, మీ అత్త కాడ తెరిసినట్టు!" అని ఆటపట్టించుకున్నారు. పచ్చ లైటు వెలిగినప్పుడల్లా షెడ్డంతా గోల. చివర పెద్దమ్మ కూర్చుంది. ఆమెకి రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పడింది. మిషన్ ఎంతసేపు చూసినా ఆమెని పోల్చుకోలేదు.

పెద్దమ్మ లేచి నిలబడి, "నన్ను తీసెయ్యండి బాబూ. నా పేరు నేకపోతే ఏటి? బట్టీకి మిషన్ రావాలి, అంతే కదా" అంది.

ఆ మాట ఆమె తేలిగ్గానే అంది. కానీ ఆమె చెయ్యి గోడ కోసం వెతుక్కోవడం నేను చూశాను.

"ఈ బట్టీ ఎవుళు పెట్టినారు?" అని సారు అడిగారు.

"నానే, గానీ..."

"మరి మీరు నేకపోతే ఇది ఎవుళి బట్టీ?"

వేలూ కన్నూ రెండూ కుదరని మనిషికి ఒక దారి రూల్స్‌లోనే ఉంది. ఆఫీసరు ఆ మనిషిని తాను ఎరుగుదునని రాసి, పూచీ తన మీద వేసుకోవాలి. ఏ తేడా వచ్చినా ఉద్యోగానికి చుట్టుకుంటుంది కాబట్టి ఎవరూ ఆ దారి తొక్కరు. సారు నా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ వాక్యాన్ని పెద్దమ్మకి అర్థమయ్యేలా తెలుగులో పైకి చదివారు. "ఈమెను నేను స్వయంగా ఎరుగుదును. తప్పయితే బాధ్యత నాది." చదివి, తన సంతకం పెట్టి పంపేశారు.

పెద్దమ్మ, "నా పెళ్ళప్పుడు కూడా నాకు ఎవుళూ ఇలాగ పూచీ పళ్ళేదు బాబూ" అంది.

నాకే భయం వేసి, "రేపు ఎవుడైనా అడిగితే ఏటి సేత్తారు సారూ?" అన్నాను.

"అడగనీ. ఈమె పప్పు తిన్నానని సెప్తాను. బిల్లులు కూడా ఉన్నాయి నా కాడ."

కెమెరా మిషన్ వచ్చింది. పప్పు కెమెరా ముందు నుంచి జారుతుంటే, మాడిన గింజని గాలి ఉఫ్‌మని ఊది పక్కకి తోసేస్తుంది. సారు మొదటి రోజు దాని పక్కన నిలబడి, అది ఊదినప్పుడల్లా తనూ ఉఫ్ అన్నారు. పట్నం బేరాలు నిలిచాయి. షావుకారు ఒకసారి వచ్చి చూసి వెళ్ళాడు. పీటల మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఆన్‌లైన్ అమ్మకం నేర్పింది చాలావరకూ డయాలసిస్ మంచం మీద నుంచే. ఒక చెయ్యి మిషన్‌కి, ఒక చెయ్యి ఫోన్‌కి. నేను లాప్‌టాప్ పట్టుకుని పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. పక్క మంచాల వాళ్ళు కూడా సలహాలు ఇచ్చేవాళ్ళు. ఎండు చేపలు అమ్ముకునే అక్కుపల్లి ఆయన ఒకరు అక్కడే దరఖాస్తు పెట్టించుకున్నారు. కొన్నిసార్లు మాట మధ్యలో సారు కళ్ళు మూసుకునేవారు. నేను ఆపేస్తే, "సెప్పు, ఇంటన్నాను" అనేవారు.

ఆఫీసులో సంతాప సభ పెట్టారు. ఒకాయన మైకు తీసుకుని, "అలుపెరగకుండా పనిచేశారు" అన్నాడు. నాకు లేచి ఆ మైకు లాక్కోవాలనిపించింది. అలుపెరగకుండానా? ఆయన అలిసిపోయేవారు. మెట్లెక్కితే అలిసిపోయేవారు, స్కూటర్ స్టాండ్ వెయ్యడానికి అలిసిపోయేవారు. అలిసిపోయి కూడా వచ్చేవారు. ఆయన గురించి చెప్పాల్సింది అది. దాన్ని చెరిపేసి మెచ్చుకుంటే ఎలా?

పోయిన వారం రెన్యువల్ కబురు వచ్చింది. సభ్యులందరూ మళ్ళీ గుర్తింపు ఇవ్వాలి. లేకపోతే రావాల్సిన సాయం ఆగిపోతుంది. వెళ్ళాం. సారు గదిలో కొత్త ఆఫీసరు ఉన్నారు. నా కంటే కొంచెం పెద్దవారేమో, చెడ్డవారిలా లేరు. ఇప్పుడు ఆ ఆఫీసులోనే కంటి మిషన్ ఉంది. అందరికీ పచ్చ లైటు వెలిగింది. పెద్దమ్మకి వెలగలేదు.

ఆయన స్క్రీన్ వైపే చూస్తూ, "ఈవిడ పేరు తీసేసి మిగతావాళ్ళవి పంపిద్దామా?" అన్నారు.

నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు ఇంకా నొప్పిగానే ఉంది. నేను అరవలేదు. రూలు ఉంది సార్ అన్నాను, పోయినసారి తేదీ చెప్పాను. ఆయన పాత దరఖాస్తు తెరిచి చదివారు.

తర్వాత, "పాత సారు ఇలాంటప్పుడు అసలు ఏం చేసేవారు?" అని అడిగారు.

నేను రూలు గురించి చెప్పబోయాను. పెద్దమ్మ అందుకుంది.

"ముందు కుర్సీలోంచి లేసీవోరు బాబూ. లేసి, నా కాడికొచ్చి, నా మొకం సూసీవోరు."

ఫ్యాను తిరుగుతోంది. ఆఫీసరు మౌసు మీద నుంచి చెయ్యి తీశారు. కుర్చీ వెనక్కి జరిగింది.