దిబ్బకు ఎండ తగిలే వైపు

మా తోడికోడలు జరీఫె నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. ఆ నోరు మూయించినవాడు ఒక్కడే, తవ్వకాల పెద్ద నెజ్దెత్. వాడి మాట ఎత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఉర్ఫా వైపు ఈ పల్లెలో, పేరు పెట్టకముందే పోయిన పసికందులను శ్మశానంలో పెట్టరు. ఊరి పక్క దిబ్బకు ఎండ తగిలే వైపు తల్లులే పాతుకుంటారు. జరీఫె తొలిచూలు ఆడపిల్ల అక్కడే ఉంది, మణికట్టుకు నీలం గాజుపూసతో.

నెజ్దెత్ ఆ దిబ్బ తవ్వడానికే వచ్చాడు. వేటాడుతూ తిరిగిన మనుషులు పదివేల ఏళ్లనాడు తొలిసారి ఇల్లు కట్టుకుని నిలిచింది ఇక్కడేనట. చచ్చిన పిల్లలను వాళ్లు పొయ్యి పక్కనే పాతుకునేవాళ్లని చెబితే జరీఫె పకపకా నవ్వింది.

"ఛీ! పిల్లను తొక్కుకుంటూ రొట్టెలు కాలుస్తారా? వాళ్లేం మనుషులు కిర్వా?"

ఆ పిలుపు ఊరికే రాలేదు. ఆమె కొడుకు సున్తీనాడు పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నది అతనే. మాలో అలా కూర్చోబెట్టుకున్నవాణ్ణి కిర్వె అంటారు, తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. ఆ ధైర్యంతోనే, మగవాళ్లెవరికీ చెప్పని మాట అతనికి చెప్పింది.

"ఎండ వైపు మాత్రం ముట్టుకోకు. నా పిల్ల ఉంది."

"నా ఒళ్లో కూర్చున్నవాడి మీద ఒట్టు అక్కా, అక్కడ పార వెయ్యను."

మేమిద్దరం పత్తి ఏరడానికి అదానా వెళ్లి వచ్చేసరికి ఆ వైపంతా గొయ్యి. జరీఫె ఇంటికి కూడా పోలేదు. మూటలతోనే తవ్వకాల గుడారంలోకి దూరింది, వెనకే నేను.

"నా పిల్లేది?"

"అన్నీ పాతకాలపువే అనుకున్నాం అక్కా. పసివాళ్ల ఎముకలు చాలా దొరికాయి, ఏది ఎవరిదో..."

ఆమె పెట్టెలు తెరుచుకుంటూ పోయింది. మూలనున్న చిన్న పెట్టెలో, ఎముకల పక్కన దూది మీద, నీలం పూస. శుభ్రంగా కడిగి మరీ పెట్టారు.

"పదివేల ఏళ్లనాడు మన బజారు పూసలు దొరికేవా కిర్వా?"

అతను తల దించుకున్నాడు. "దాని కిందే పాత ఇంటి నేల కనబడింది. ఆపలేకపోయాను."

అంటే చూశాడు, తెలుసుకున్నాడు, అయినా కానిచ్చాడు! నాకు చెప్పు తీయాలనిపించింది. జరీఫె అరవలేదు. "ఇక నా గడప తొక్కకు" అని, పెట్టెను తలగుడ్డలో చుట్టుకుంది.

ఇంటికొచ్చి పొయ్యి పక్కన నేల తవ్వమంది. తవ్వాను. పిల్లను పెట్టి, పూస మళ్లీ కట్టి, మట్టి కప్పి అలికింది. చేతులు కడుక్కోకుండా అక్కడే చతికిలబడింది.

"ఆ పాతకాలపు తల్లులకు కూడా ఎవడో ఒక కిర్వె ఉండే ఉంటాడే" అంది.