నాడాలు కొట్టనన్న నాడాల తాత

నాడాల తాత పోయాడని ఆయన కూతురు పొద్దున్నే ఫోన్ చేసి చెబితే నేను ముందు నమ్మలేదు. "మంచిగ సూసినవా? నిద్రపోతున్నడేమో," అన్నాను. తండ్రిని పోగొట్టుకున్న మనిషితో అనాల్సిన మాటేనా అది? ఆమె కోప్పడలేదు. "నువ్వే వచ్చి సూడక్కా," అంది. ప్రజ్ఞాపూర్‌లో మా ఇంటికి వాళ్ల ఇల్లు రెండు సందుల అవతలే. వెళ్లి చూశాను. నిజమే.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలవాణ్ణి నమ్మను, తరాజును నమ్మను, మబ్బు పట్టినా వాన వస్తుందని నమ్మను. "దేవుడు ప్రసాదం పెట్టినా వాసన చూసి తింటవ్ నువ్వు," అంటాడు మా ఆయన. అలాంటి నేను నా జీవితంలో అందరికంటే ఎక్కువగా అనుమానించిన మనిషి ఈ తాతే. ఇప్పుడు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే, ముందుగా ఆ అనుమానాలే వరస కడుతున్నాయి. అవి దాచిపెట్టి రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు.

మాకు టెంట్ హౌస్ ఉంది. పెళ్లి ఊరేగింపుల కోసం ఒక పొట్టి తెల్ల గుర్రాన్ని కూడా కొన్నాం. పేరు లచ్చి. అమ్మినవాడు దాని డెక్కల అడుగును కత్తితో గీకి గీకి అద్దంలా చేసి ఇచ్చాడు. ఎంత శుభ్రంగా పెట్టాడో అని మురిసిపోయాను. నేను అనుమానించకుండా ఉన్నది ఆ ఒక్కసారే, దెబ్బ తిన్నదీ అక్కడే. రెండు నెలలు తిరక్కముందే లచ్చి కంకర మీద అడుగు వేయడానికి వణకడం మొదలుపెట్టింది. మా వైపు ఇప్పుడు ఎటు చూసినా కొత్త ప్లాట్లు, వాటి మధ్య కంకర పోసిన రోడ్లు. రాయి తగలని పెళ్లి ఇల్లు ఎక్కడుంది?

తాత రాయపోల్‌లో ఎడ్లకు నాడాలు కొట్టి బతికినవాడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గాక కూతురి దగ్గరికి వచ్చేశాడు. నాడాలు కొట్టేవాడు ఇంటి పక్కనే ఉన్నాడు, ఇంకేం కావాలి అనుకుని లచ్చిని తోలుకుపోయాను.

ఆయన లచ్చి ముందుకాళ్ల డెక్కల మీద అరచేయి ఆనించి చాలాసేపు ఉన్నాడు. తర్వాత మడమ పైన వెనకవైపు రెండు వేళ్లతో నాడి పట్టాడు. లేచి, "దీనికి నాడాలు కొట్ట," అన్నాడు.

"ఎందుకు తాతా?"

"డెక్క పల్చగైంది. మేకు మాంసంల దిగుతది. ఆగు, మంచిగ పెరగనియ్యి. ముందుగల్ల డాక్టర్‌కు సూపెట్టు. సూది ఆయనే ఎయ్యాలె, నేను గాదు."

జీవితమంతా నాడాలు కొట్టిన మనిషి నాడా కొట్టనంటే మీరైతే ఏమనుకుంటారు? దౌల్తాబాద్‌లో ఇంకొకరికి ఊరేగింపు గుర్రం ఉంది. వాళ్లు ఈయన చెవిలో ఏదో ఊదారని అనుకున్నాను. మా లచ్చి కుంటుతూ ఇంట్లో ఉంటే వాళ్లకే కదా పండగ. ఆ మాట మా ఆయనతో అంటే, "ఆ ముసలాయన దౌల్తాబాద్ మొకం సూసి ఎన్నేండ్లయ్యిందో," అని నవ్వాడు.

అయినా డాక్టర్‌కు చూపించాం. ఆయన సూది వేసి, మెత్తటి చోట కట్టేయమని, తిండి తగ్గించమని చెప్పారు. తాత మర్నాటి నుంచి రోజూ పొద్దున మా కొట్టంలోకి వచ్చేవాడు. పిలిచింది లేదు, పెట్టింది లేదు. అదీ నాకు అనుమానమే.

అప్పుడు గమనించాను, ఆయన నాకంటే పెద్ద అనుమానస్తుడు. లచ్చి తొట్టిని వాసన చూసేవాడు. గడ్డిని చేత్తో పిసికి చూసేవాడు. ఇసుక పరిస్తే అందులో వేళ్లు పెట్టి రాళ్లున్నాయేమో వెతికేవాడు. ఒకరోజు నన్ను నిలబెట్టి అడిగాడు.

"పెండ్లిండ్లల్ల దీనికి ఏం పెడ్తున్నరు?"

"ఆడోళ్లు హారతిచ్చి నానేసిన శనగలు, బెల్లం పెడ్తరు. మర్యాద గదా తాతా."

"ఎంత?"

"దోసిళ్ల కొద్ది. మేం గూడ ఇంటికొచ్చినంక ఇంత పెడ్తం. అలిసిపోయి వస్తది."

ఆయన తల పట్టుకున్నాడు. "రాయి మీద నింద ఎయ్యకు బిడ్డా. కుంటు కాలుల కనపడ్తది గని పుట్టేది మూతిల. గీ బెల్లం కాళ్లల్ల నిప్పు పెడ్తది. నిప్పు మీద నడిసేదానికి కంకరైతేంది, పరుపైతేంది."

పెళ్లి ఇంటివాళ్లు గుర్రానికి బెల్లం పెట్టకపోతే గుర్రంవాళ్లం మేం చిన్నబుచ్చుకునేవాళ్లం. ఆ మర్యాదే లచ్చి కాళ్లు తినేస్తోందని చెప్పడానికి ఎడ్ల నాడాల ముసలాయన రావలసి వచ్చింది.

బెల్లం, శనగలు మానేశాం. ఎండుగడ్డి పెట్టాం. డెక్కల్లో వేడి తగ్గాక తాత నడక మొదలుపెట్టించాడు. ముందు ఇసుకలో, తర్వాత మట్టిబాట మీద, తర్వాత మొరం మీద. కంకర అంచున మొదటిరోజు పది అడుగులు మాత్రమే. లచ్చి ఒక్క అడుగు తడబడినా వెనక్కి తిప్పేవాడు. నాకు ఓపిక నశించి, "ఇట్లైతే ఎప్పటికి తాతా?" అంటే, "నీ అరికాలు గట్టిపడనీకె ఎన్ని ఎండకాలాలు పట్టినయ్?" అనేవాడు. తప్పని పెళ్లి ఉంటే లారీ ట్యూబు కత్తిరించి, లోపల గోనె మడతలు పెట్టి లచ్చికి బూట్లు కట్టేవాడు. వాటిని చూసి జనం నవ్వితే, పైన గజ్జెలు చుట్టి కనపడకుండా చేశాను. ఊరేగింపు అవగానే ఊడదీసి కాళ్లు ఆరబెట్టేవాడు.

నెలకోసారి పట్టకారుతో డెక్క అంచు కొంచెం కత్తిరించి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసేవాడు. అడుగుభాగానికి కత్తి మాత్రం తగలనిచ్చేవాడు కాదు. "అది దాని చెప్పు. చెప్పు గీకి పారేస్తరా ఎవరన్న?" అనేవాడు. ఆ కత్తిరించిన ముక్కల కోసం వాడకట్టు కుక్కలన్నీ కాచుకుని కూర్చునేవి. తాత వాటిని తరిమి, ఒక ముక్క ఏరి తువ్వాల్లో మూటగట్టుకుని పోయేవాడు. ప్రతిసారీ అంతే.

"గదెందుకు తాతా?" అని అడిగాను.

"పనుంది బిడ్డా."

ఏం పని? నాకు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. గుర్రపు నాడాతో ఉంగరం చేయించుకుంటే శని పోతుందని జనం ఎగబడటం చూశాను. డెక్క ముక్కకు కూడా ఏదో మహిమ ఉందని ఎవరికైనా అంటగడుతున్నాడా? లేక నాకు తెలియని పూజ ఏదైనా చేస్తున్నాడా? తర్వాతి నెల ఆయన తువ్వాలు ముడి వేస్తుంటే ముఖం మీదే అడిగేశాను. "మా లచ్చి డెక్కలు అమ్ముకుంటున్నవా తాతా?"

ఆయన ముడి విప్పి ఆ ముక్కను గోడ మీద పెట్టాడు. పట్టకారు, ఆకురాయి సంచిలో వేసుకున్నాడు. "అనుమానం మంచిదే బిడ్డా," అన్నాడు. "గని చెయ్యి పెట్టి సూడాలె. సూడకుంట అనుమానపడితే అది ఒట్టి మంటనే." వెళ్లిపోయాడు. రెండు నెలలు రాలేదు.

నేను పిలవలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు చూశావా అని మా ఆయనతో అన్నాను కూడా. లచ్చి బాగానే నడుస్తోంది, ఇంక ఈయన దేనికి అని ధైర్యం. ఆ ధైర్యంతోనే దౌల్తాబాద్ పెళ్లిలో ఆడవాళ్లు బెల్లం పళ్లెం తెస్తే వద్దనలేకపోయాను. మూడో రోజు తెల్లారేసరికి లచ్చి ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి, గోడకు ఆనుకుని నిలబడింది. నీళ్ల తొట్టి నాలుగు అడుగుల దూరంలో ఉంది. అక్కడికి కూడా పోలేకపోయింది. దాని కళ్లలోకి చూడలేక నేను కొట్టం బయట కూర్చుని ఏడ్చాను. ఇంక ఇది నడవదేమో, నా చేతులతో నేనే దాని కాళ్లు తీసేశానేమో అనిపించింది.

మా ఆయన డాక్టర్ కోసం పోయాడు. నేను తాత గుమ్మంలోకి పోయాను. ఆయన ఏమీ అడక్కుండా కండువా వేసుకుని వచ్చి, వంగి, డెక్క మీద చెయ్యి పెట్టాడు.

"కాలుతున్నది. ఏం పెట్టిన్రు?"

"ఏం పెట్టలే," అన్నాను. సిగ్గు లేకుండా.

"నీ మాట నేను నమ్ముత బిడ్డా. దీని కాలే నమ్ముతలేదు."

అప్పుడు చెప్పాను. ఒక్క మాట తిట్టలేదు. "నీళ్లు తే, సల్లటియి," అన్నాడు. మళ్లీ ఇసుక దగ్గర్నుంచి మొదలుపెట్టాం. మొత్తం ఎన్ని నెలలు పట్టిందో, ఈ ఎండాకాలం లచ్చి నాడా లేకుండా, బూటు లేకుండా ప్లాట్ల మధ్య కంకర మీద టకటకమని నడిచింది. తాత పక్కన నిలబడి తల వంచి ఆ చప్పుడు విన్నాడు. చూడకుండా విన్నాడెందుకని అప్పుడు కూడా నాకు చిన్న అనుమానం వచ్చింది. ముక్క తువ్వాల్లో కట్టుకుంటే మాత్రం ఇంక అడగలేదు. ఆ రోజు అన్న మాటకు తప్పైందని కూడా చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకుంటూ ఉండిపోయాను.

దినాలు అయిన మర్నాడు ఆయన కూతురు సుతిలి దారానికి గుచ్చిన ఒక దండ తెచ్చి నా చేతిలో పెట్టింది. అన్నీ డెక్క ముక్కలు.

"నీకే ఇయ్యమన్నడక్కా. బాపుకు కండ్లు ఎప్పుడో మసకైనయ్. ఆపరేషనైనంక గూడ సరిగ్గ ఆనకపోయేది. నీకు తెలిస్తే గుర్రాన్ని ముట్టనియ్యవని చెప్పనియ్యలే. మాపటికి కూసోని గీ ముక్కలు ఏళ్లతోని తడిమేటోడు. మందమైందా, పెళుసున్నదా, ఎక్కువ కోసిన్నా అని. నా చెయ్యి మీద నాకే అనుమానం బిడ్డా అనేటోడు."

అంటే ఏదో దాస్తున్నాడన్న నా అనుమానం తప్పు కాదు. మేకు కొట్టాలంటే కన్ను కావాలి. అంచు అరగదీయడానికి వేళ్లు చాలు. నాడా కొట్టనన్నది లచ్చి కోసమా, తన కళ్ల కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేను. తెలిస్తే ఆయన్ను గడప తొక్కనిచ్చేదాన్నా అంటే, తొక్కనిచ్చేదాన్ని కాదు. అప్పుడు లచ్చి ఏమయ్యేది?

ముక్కలకు మేకుతో బెజ్జాలు పెట్టాడు. లచ్చి డెక్కలో ఆయన మేకు దింపింది అక్కడ మాత్రమే. ఆయన చూసినట్టే చూద్దామని కళ్లు మూసుకుని మొదటి ముక్క నుంచి తడిమాను. మొదటివి పల్చగా, పెళుసుగా, అంచులు రాలుతూ ఉన్నాయి. తర్వాతవి కొంచెం మందం. ఇంకొంచెం మందం. ఆ తర్వాత ఒకచోట ముక్కలు లేవు. ఉత్త దారం, దాని మీద పక్కపక్కనే రెండు ముడులు. ఆయన మా గడప తొక్కని రెండు నెలలు. వాటి అవతల చివరిదాకా ఇంకా చాలా ముక్కలు ఉన్నాయి. నా వేళ్లు ఆ ముడుల దగ్గరే ఆగిపోయాయి.