దించని చెయ్యి

తరిగొప్పులలో టీవీలు, మిక్సీలు బాగుచేసే జానీమియాకు కోపం తక్కువ. మోటారు మాడగొట్టుకొని తెచ్చి, దానంతట అదే ఆగిపోయిందని బొంకేవాళ్ళను కూడా నవ్వుతూనే పంపిస్తాడు. అలాంటి మనిషి చేత ఛీ అనిపించిన ఘనత మా సర్పంచ్ శ్రీశైలానిది.

సాయుధ పోరాటంలో దొర గూండాల మీద వడిసెలతో రాళ్ళు విసిరిన కొమురవ్వ అప్పటికి బతికే ఉంది. పడుచుతనంలో ఆమె ఎట్లా ఉండేదో అట్లా పంచాయతీవాళ్ళు ఫైబర్ బొమ్మ చేయించి, వడిసెల పట్టిన కుడిచెయ్యి కదిలేలా పెట్టమని జానీమియాకు అప్పగించారు. అతను భుజంలో, చెప్పినంత మేరకే తిరిగి ఆగే సర్వో మోటారు బిగించాడు. దాన్ని నడిపే కంపారేటర్ చిప్పుకు తెలిసిన పని పోల్చి చూడటమే. ఒకవైపు ఆగకుండా పెరుగుతూ తగ్గుతూ ఉండే వోల్టేజీ, మరోవైపు నాబుతో మనం పెట్టే వోల్టేజీ. మొదటిది రెండోదానికంటే తక్కువున్నంతసేపే మోటారుకు పల్స్ పోతుంది. నాబు పెంచితే పల్స్ వెడల్పై, అంటే ఎక్కువసేపు ఉండి, చెయ్యి లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది.

ఆవిష్కరణకు శ్రీశైలం పిలిచింది ఎవరినో తెలుసా? ఆ దొర మనుమణ్ణే. పైగా ఆయన వేదిక ఎక్కగానే బొమ్మ చెయ్యి దించాలట, ఎత్తుకొని ఉంటే పెద్దమనిషికి అవమానమట. శ్రీశైలం తాతను గడీలో కట్టేసి కొట్టించింది ఈయన తాతే. వార్డు మెంబర్లంతా బుద్ధిగా తలలూపారు.

జానీమియా నేరుగా కొమురవ్వ దగ్గరికి పోయి సంగతి చెప్పాడు.

"తుపాకులు చూసి దించలే బిడ్డా. గీనికి దించుతనా?" అన్నది అవ్వ.

అతను తిరిగొచ్చి నాబు తీగలు కత్తిరించాడు. చెయ్యి ఎప్పుడూ పైకే ఉండేలా వాటి చోట, వోల్టేజీని మారకుండా నిలిపే రెండు రెసిస్టర్లు పెట్టి టంకం వేశాడు. నాబును మాత్రం కంట్రోల్ డబ్బా మీదే ఉంచాడు, సర్పంచ్ తిప్పుకోవడానికి.

ఆ రోజు దొర మనుమడు వేదిక ఎక్కాడు. శ్రీశైలం నాబు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. చెయ్యి దిగలేదు. దిగుతుందనే ధీమాతో ముందే మైకును బొమ్మ పక్కనే పెట్టించాడు. ఇప్పుడు ఎత్తిన చేతినుంచి వేలాడుతున్న వడిసెల అతిథి నెత్తికి తగులుతోంది. ఆయన ఉపన్యాసమంతా మెడ వంచుకొనే చెప్పాడు.

శ్రీశైలం చెమట తుడుచుకొని మైకు అందుకున్నాడు.

"చూసిండ్రా, మన అవ్వకు సారు ఎట్ల తల వంచిండో" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూచున్న కొమురవ్వ పక్కకు తిరిగి ఉమ్మింది. జానీమియా ఛీ అన్నది అప్పుడే.