షాకబ్జర్ల పంచాయితీ

మా అత్తగారింటి బండికి ఏ లోపమూ లేదని ముందు కూర్చున్నవాళ్లంతా అనేవాళ్లు. వెనక కూర్చునేది నేనొక్కదాన్నే కాబట్టి నా మాట ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. మా ఆయనకు అది మంచి బండి. పొద్దున్నే దానిమీద పాలు మోసే మా మామకు ఇంకా మంచి బండి. నా నడుముతో మాత్రం దానికి ఏదో పాత పగ ఉన్నట్టుండేది.

అప్పటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. మాది కేతేపల్లి నుంచి లోపలికి పోయే పల్లె. మంచినీళ్ల పైపుల కోసం ఊరి రోడ్డును పొడుగునా తవ్వారు, పైపులు వేశారు, మట్టి కప్పి పోయారు. ఇంటింటికీ నల్లా వచ్చింది, సంతోషమే, రోడ్డే తిరిగి రాలేదు. ఆ గతుకుల మీద మా ఆయన రోజూ నన్ను హైవే దాకా దింపేవాడు. అక్కడ బస్సెక్కి నార్కట్‌పల్లిలో ఒక టైలరింగ్ దుకాణానికి పోయేదాన్ని. దుకాణం నడిపే అక్క సరిగ్గా అప్పుడే నాకు కటింగ్ నేర్పడం మొదలుపెట్టింది. ఎవరో కత్తిరించి ఇచ్చిన ముక్కలు కుట్టడం వేరు. కొత్త గుడ్డ పరిచి, సున్నపు గీత గీసి, కత్తెర పెట్టడం వేరు. అది వస్తే ఎవరి దగ్గరా తల వంచుకోనక్కర్లేదని నాకు గట్టిగా అనిపించేది.

కానీ హైవే చేరేసరికే నడుము పట్టేసేది. కటింగ్ బల్ల మీదకి వంగితే లేవలేకపోయేదాన్ని. మా ఆయనతో చెప్తే ఒకటే మాట.

"బండి మంచిగనే ఉన్నది. నువ్వే జర గట్టిగ పట్టుకొని కూసోవాలె."

గట్టిగా పట్టుకుంటే నడుము నొప్పి ఎట్లా తగ్గుతుందో ఆ మహానుభావుడికే తెలియాలి. ఒకరోజు గొంగడి మడతలు పెట్టి సీటు మీద వేసుకున్నాను. ఎత్తు పెరిగి కాలు అందలేదు, మొదటి మలుపులోనే సగం జారాను. వాకిలి ఊడుస్తున్న పక్కింటామె చీపురు ఆపి, "ఏంది పిల్లా, ఏనుగు మీద ఊరేగుతున్నవా?" అంది. ఆ సాయంత్రమే గొంగడిని దాని కొయ్యకు తగిలించాను.

అత్తమ్మ నా మూలుగు విని విని తీర్పు చెప్పింది. "నడుం పోయినంక నౌకరి ఏం జేస్కుంటవ్? గీ నెల చూద్దాం. తగ్గకపోతే బంద్ జేసి ఇంటికాడ మిషిను పెట్టుకో." ఆమెది చెడ్డ మనసు కాదు. అందుకే ఇంకా భయమేసింది. కోపంతో అన్న మాటకైతే ఎదురు చెప్పొచ్చు.

మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్లో వెతికితే ఒక హిందీ ఆయన వీడియో దొరికింది. నున్నటి రోడ్డు మీద, కొండల పక్కన బండి ఆపి షాకబ్జర్ల గురించి చెప్తున్నాడు. మా ఊరి రోడ్డు మీద ఒక్కసారి ఎక్కిస్తే ఆయన వీడియో ఇంకో రకంగా ఉండేది. అయినా విషయం అర్థమైంది. వెనక చక్రానికి రెండు పక్కలా ఉన్న స్ప్రింగుల కింద ఒక్కో రింగు ఉంటుంది, దానికి మెట్లలాగా గాట్లుంటాయి. పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు బిగుసుకుని బరువుకు లొంగదు. కింది మెట్టుకు తిప్పితే మెత్తబడి గుంతలో ఊగుతుంది. ఇంటికి వచ్చి చూస్తే రెండు పక్కలా అన్నిటికన్నా పై మెట్టు. సంగతి తెలిసిపోయింది. మా మామ మా బర్రెల పాలు, పక్కిళ్ల పాలు కలిపి రెండు పెద్ద క్యాన్లు చెరో పక్క వేలాడదీసుకుని పాల కేంద్రానికి పోతాడు. ఆ బరువుకు కుట్టిన జాకెట్టు నేను వేసుకుని తిరుగుతున్నానన్నమాట.

మామతో చెప్తే అయిపోయేది గదా అంటారేమో. మా ఇంట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు. ఆయన ఎదురొస్తే పక్కకు జరగాలి, ఆయన కూర్చుంటే మనం లోపలికి పోవాలి. ఏదైనా చెప్పాలంటే మధ్యలో అత్తమ్మో మా ఆయనో ఉండాలి. వాళ్లు లేకపోతే బర్రె ఉంది. "ఏమే, నీళ్లు కాగినయే" అని నేను బర్రెతో అంటే మామ లేచి స్నానానికి పోయేవాడు. "నీకేమన్న చాయ్ దొర్కుతదానే" అని ఆయన బర్రెను అడిగితే నేను పొయ్యి మీద గిన్నె పెట్టేదాన్ని. మా బర్రెకు తెలియని సంసారం లేదు. కానీ స్ప్రింగులు, రింగులు, మెట్లు బర్రె ద్వారా చెప్పడం ఎట్లా? మా ఆయన ద్వారా చెప్పిద్దామంటే "నాయిన పాల సంగతి నాయినకే ఎర్క" అని దాటేశాడు.

అందుకని నేనే పని మొదలుపెట్టాను. సీటు కింద సామాన్ల సంచిలో వంకర మూతి పానా ఒకటుంది. సాయంత్రం మామ బర్రెలను తోలుకొచ్చేలోపు ఆ పానా తగిలించి, రెండు రింగులనూ కింది మెట్టుకు దించాను. పొద్దున సంబరంగా బండెక్కితే మొదటి గుంతలోనే పళ్లు టకటకలాడాయి. తెల్లవారుజామున క్యాన్ల బరువుకు చక్రం మడ్గార్డుకు తగులుతోందని మామ మళ్లీ బిగించేశాడు. ఆయన తిరిగొచ్చాక మళ్లీ వదులు చేద్దామంటే, ఆయన బండి పక్కనే అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతాడు. ఆయన ముందు పానా పట్టుకుని బండి కిందికి వంగే కోడలు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. రోజూ సాయంత్రం నేను దించడం, రోజూ తెల్లారి ఆయన ఎక్కించడం. ఇద్దరమూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఒక సాయంత్రం ఎడమ పక్క దించి కుడి పక్కకు వచ్చానో లేదో, బర్రెల గిట్టల చప్పుడు వినిపించింది. పానా కొంగులో దాచుకుని లోపలికి పరిగెత్తాను. తెల్లవారుజామున మామ చీకట్లో వేలితో తడిమి చూసేది ఎప్పుడూ కుడి పక్క రింగునే. అది బిగువుగానే ఉండేసరికి, ఈ పూట బండికి బుద్ధొచ్చిందనుకుని క్యాన్లు ఎక్కించుకుని పోయాడు. తిరిగొచ్చేసరికి ఆయన ఎడమ కాలి మీద ధోతి అంతా పాలు. తర్వాత మేమెక్కితే బండి కాలికి ముల్లు గుచ్చుకున్న మేకలాగా ఎడమకే ఒరుగుతోంది. మా ఆయన గాలి చూశాడు, హ్యాండిల్ ఊపి చూశాడు, ఊరి చివరిదాకా పోయి బండిని వెనక్కి తిప్పి ఇంటి ముందు ఆపాడు.

"నువ్వు రెండు కాళ్లు ఒక్క దిక్కే ఏసి కూసుంటున్నవ్. బండి గా దిక్కే గుంజుతాంది."

నాకు నషాళానికి అంటింది. పెళ్లయినప్పటి నుంచి అట్లనే కూర్చుంటున్నా. అరుగు మీద మామ, గడపలో అత్తమ్మ, ఎవరినీ చూడలేదు. నేరుగా బర్రె దగ్గరికి పోయాను.

"చూడవే, గీ ఇంట్ల పాలకున్న ఇజ్జత్ మనిషికి లేదు. రోజు పొద్దూకి నేను వదులు జేస్త, తెల్లారి మళ్ల బిగిస్తరు. క్యాన్లకు గట్టిగ ఉండాలె, మంచిదే. నా నడుమేమన్న ఇనుముదా?"

మామ అప్పటిదాకా ఆ రింగులు గతుకులకు వాటంతటవే వదులవుతున్నాయనుకుంటున్నాడట. గొంతు సవరించుకుని, ఆయన రెండో బర్రె వైపు తిరిగాడు.

"చక్రం మడ్గార్డుకు తాకితే బండి ఎగిరి పాలొలుకుతయ్. ఒలికిన పాలు ఎవలకు పోస్తమే? నీకు దాణా ఎట్లొస్తది?"

ఆయన మాటా అబద్ధం కాదు. బర్రెలు రెండూ నెమరు వేస్తూ నిలబడ్డాయి. అత్తమ్మ గడప దిగి వచ్చింది.

"ఇగ చాలు. కొడుకా, దుకాణానికి ఇయ్యాల రాదని ఫోన్ జెయ్యి. రేపు పోయి, పని బంద్ జేస్తున్నని చెప్పి రా బిడ్డా."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నేర్చుకున్నది సగం కూడా కాలేదు. మరో పది రోజులైతే చేతుల జాకెట్టు మొత్తం నేనే కత్తిరిస్తానని అక్క చెప్పింది. ఇప్పుడు ఆమెకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

పొద్దున మొహం గంటు పెట్టుకునే బండెక్కాను. మొదటి గుంత వచ్చింది, నడుము బిగబట్టాను. బండి మెల్లగా కిందికి పోయి మెల్లగా పైకి లేచింది. రెండో గుంతా అంతే. మా ఆయన్ని హైవే దగ్గర బండి ఆపమని, దిగి వంగి చూశాను. రెండు పక్కలా కింది మెట్టు. "నాయిన మర్చిపోయిండేమో" అన్నాడు ఆయన. దుకాణానికి పోయి కటింగ్ బల్ల ముందు నిలబడ్డాను గానీ, బంద్ మాట అక్కతో అనలేకపోయాను.

మర్నాడు బండి చప్పుడుకు మెలకువ వచ్చింది. మామ పాలకు పోయాడనుకుని పడుకుంటే, కాసేపటికి అదే చప్పుడు తిరిగొచ్చింది. లేచి బయటికి వచ్చాను. ఇంకా చీకటిగానే ఉంది. రెండో క్యాను గోడ పక్కన ఉంది. వదులు స్ప్రింగు మీద రెండూ ఆగవని మొదటిదొక్కటే ఇచ్చి వచ్చి, మామ దాన్ని సీటు మీద నిలబెట్టి ట్యూబు ముక్కతో కట్టుకుంటున్నాడు. ఆ గతుకుల మీద ఆ వయసులో రెండుసార్లు పోయి వస్తున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బర్రె దిక్కు చూడాలని కూడా తోచలేదు.

"మామా, గిట్ల రెండుసార్లు ఎందుకు? బిగించుకోని ఒక్కసారే పో. వచ్చినంక వదులు జేస్తే అయిపాయె."

ఆయన ఉలిక్కిపడ్డాడు. చుట్టూ చూశాడు, మధ్యలో ఎవరూ లేరు. ముడి వేస్తున్న చేయి ఆపి నా వైపు తిరిగాడు.

"చీకట్ల తడుముకుంట తిప్పుతున్న బిడ్డా, గా మెట్లు నాకు కనవడయి. ఒక దిక్కు మర్చిపోతే మళ్ల నీ నడుమే పోతది. పాలకు నడుం లేదు గదా, రెండుసార్లు పోతయ్. నువ్వు పని బంద్ జెయ్యకు."

కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన ముడి వేసేదాకా క్యాను కదలకుండా పట్టుకున్నాను.