జానిబీ పెద్దమ్మ వేలిముద్ర

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాదన పెట్టుకోకుండా ఊరుకునే మనిషిని కాను. నేను లెక్కల మాస్టర్ని. ముప్పై ఏళ్లపాటు పిల్లలను "జవాబు ఎట్లొచ్చిందో చేసి చూపించు" అని సతాయించినవాణ్ణి. నాకు చేసి చూపించడం రాని లెక్క ఒక్కటే ఉంది. అది మా అమ్మది.

డెబ్బయ్యో దశకం చివరి మాట. వరంగల్ మట్టెవాడలో రెండు గదుల కిరాయి ఇంట్లో నేను, నా భార్య సరోజ, అమ్మ ఉండేవాళ్లం. నాయన పోయాక అమ్మను ములుగు అవతలి మా ఊరి నుంచి తెచ్చుకున్నాను. ఆమెకు పట్నం నచ్చలేదు. ఇక్కడ ఎవరితో మాట్లాడాలన్నా పని వెతుక్కోవాలి అనేది. ఆమె మాటంతా ఊళ్లో జానిబీ పెద్దమ్మ దగ్గరే ఉండిపోయింది. ఇద్దరూ నలభై ఏళ్లు కలిసి నాట్లు వేశారు, కలిసి బీడీలకు తునికాకు తెంపారు. అమ్మ ఆమెను అక్కా అనేది, నేను పెద్దమ్మా అనేవాణ్ణి.

ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. అయినా పది రోజులకొక కార్డు పోవాలి, ఒక కార్డు రావాలి. ఇటు రాసేది నేను, అటు రాసేది ఊరి బడి పంతులు. కింద మాత్రం ఇద్దరూ తమ వేలిముద్ర తామే వేసేవాళ్లు. అమ్మ నీలిమందులో, పెద్దమ్మ పసుపులో. నేను చదువుతుంటే అమ్మ సగం చెవితో వినేది. అసలు చదువు తర్వాత మొదలయ్యేది. కార్డు గుంజుకుని, ఆ పసుపు ముద్రను కంటి దగ్గర పెట్టుకుని, అక్కకు జరం వచ్చి తగ్గిందని, కోడలితో పంచాయితీ అయిందని చెప్పేది. పేపర్ చదువుడు అయిపోయిందా అమ్మా అని ఏడిపించేవాణ్ణి. ఆమెకు రోషం వచ్చేది.

అమ్మకు ఒక కన్ను అంతకుముందే పోయింది. రెండో కంటికి శుక్లం ముదిరితే దవాఖానలో ఆపరేషన్ చేయించాం. కట్టు కట్టి ఇంటికి పంపుతూ డాక్టర్ గట్టిగా చెప్పాడు. నలభై రోజులు తల వంచొద్దు, దగ్గొద్దు, అన్నిటికంటే ముఖ్యంగా ఏడవొద్దు. ఏడిస్తే ఉన్న ఒక్క కన్నూ దక్కదన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున చావు కార్డు వచ్చింది. మూలలకు నల్ల సిరా పూసి ఉంది. ఎప్పుడూ వాకిట్లోకి వచ్చే పోస్ట్‌మ్యాన్ బయటే నిలబడి చేయి చాచి ఇచ్చాడు. జానిబీ పెద్దమ్మ శుక్రవారం జ్వరంతో పోయిందని బడి పంతులు రెండు వాక్యాలు రాశాడు. అలాంటి కార్డును మా వైపు గడప దాటనివ్వరు. బయటే చదివి, చింపి పారేసి, స్నానం చేసి లోపలికి రావాలి. లెక్కల మాస్టర్నైనా నేనూ అదే చేశాను. ముక్కలు మోరీలో వేసి నల్లా కింద కూర్చున్నాను. నీళ్ల చప్పుడు విని, ఈ యాళ్లప్పుడు తానమేందని అమ్మ లోపలి నుంచి అడిగింది. ఉక్కపోస్తోందన్నాను.

ఆ రోజు నుంచి నాకు ఒకచోట కాలు నిలవలేదు. బోర్డు మీద లెక్క సగం రాసి మరిచిపోయేవాణ్ణి. అమ్మకూ అంతే. కార్డు అచ్చిందా అని పొద్దున అడిగేది, మధ్యాహ్నం అడిగేది. కట్టుతోనే లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా పోయి నిలబడేది. అక్కకేమన్న అయిందేమో అనేది. ఏ క్షణాన ఏడుస్తుందో అని సరోజకూ నాకూ దడ.

చివరికి నేనే కొత్త కార్డు తీసి, అందరం మంచిగున్నం, నీ కన్ను పైలం అని రాశాను. సరోజ గిన్నెలో పసుపు కలిపిచ్చింది. ఆమె చూస్తుండగానే నా కుడి బొటనవేలు ముంచి కింద ఒత్తాను. ఎండలో ఆరబెట్టి, అమ్మకు చదివి చేతిలో పెట్టాను. ఆమె చూపుడువేలితో ఆ ఆరిన పసుపును చాలాసేపు తడిమింది. గట్టిగనే ఒత్తింది, పానం మంచిగనే ఉన్నది అని, కార్డు దిండు కింద పెట్టుకుని పడుకుంది. మరో రెండు కార్డులు పది రోజుల తేడాతో అట్లాగే తయారు చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

నలభై రోజులకు కట్టు విప్పి మందపాటి అద్దాలిచ్చారు. ఇంటికి రాగానే అమ్మ ట్రంకుపెట్టె తెరిచి పాత కార్డులు, కొత్త కార్డులు మంచం మీద పరుచుకుంది. దొరికిపోయాననుకున్నాను. ఆమె ఒక్కొక్కటీ చూసి, తనలో తాను నవ్వుకుని, మళ్లీ పెట్టెలో పెట్టింది.

అదే నాకు మింగుడుపడలేదు. అమ్మ పక్కింటికి పోయినప్పుడు ఆ కార్డులు బయటికి తీశాను. బడి నుంచి భూతద్దం తెచ్చాను. నా బొటనవేలికి అడ్డంగా కొడవలి గాటు ఉంది. ఎక్కడ ముద్ర వేసినా అది తెల్లటి గీతగా పడుతుంది. మూడు కార్డుల మీదా రాత నాదే. ముద్రలో గీత లేదు. స్కేలు పెట్టి చూస్తే వెడల్పు నా వేలి కంటే రెండు మిల్లీమీటర్లు తక్కువ. మధ్యలో సుడి, పాత కార్డుల మీద ఎట్లా ఉందో అట్లాగే ఉంది. పసుపు చిక్కనైతే గాటు పూడిపోవచ్చు, సరే. వేలు చిన్నదెట్లా అవుతుంది? సరోజతో మళ్లీ పసుపు కలిపించి నాలుగుసార్లు ఒత్తాను. నాలుగుసార్లూ గాటు పడింది. సరోజ గిన్నె అక్కడే వదిలేసి లేచి లోపలికి పోయింది.

ఆదివారం బస్సెక్కి ఊరికి పోయాను. సమాధి చూశాను, మట్టి ఇంకా కొత్తగానే ఉంది. చావు కార్డు తానే రాశానని పంతులు చెప్పాడు. పెద్దమ్మ కొడుకు కూడా ఆ శుక్రవారమే అన్నాడు.

తిరిగొచ్చి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె చావు కార్డు చూపించమంది. చింపేశానన్నాను. దాచుకునే కార్డా అది? అప్పుడామె నా మూడు కార్డులు తెచ్చి ముందు పెట్టి, మరి ఇవి ఎవరు పంపారంది. నేనే రాశాను, నేనే వేలు పెట్టానని ఒప్పుకున్నాను. ఆమె నా చేయి పట్టుకుని వెలుతురుకు తిప్పింది. నా వేలిని చూసింది, కార్డును చూసింది, మళ్లీ నా ముఖం చూసింది.

"ఇది నీ ఏలు కాదు బిడ్డా. బతికున్న అక్కను ఎందుకు సంపుతానవ్?"

ఆ వేలు నాది కాదన్నది నాకూ తెలుసు.

కార్డులు రాయడం విసుగొచ్చి ఈ కథ అల్లానని ఆమె అనుకుంది. పెద్దమ్మ కొడుకును ఇంటికి పిలుచుకొచ్చి చెప్పించాను. అమ్మ అతనికి చాయ్ ఇచ్చి, మీరిద్దరు కూడబలుక్కున్నరు అంది. ఊరికి పోదాం పా అంటే, అక్క కార్డేసి పిలిస్తే పోతనంది. పక్కింటివాళ్లతో రాయించి, నీలి ముద్ర వేసి పంపుతూనే ఉంది. జవాబు రాలేదు. నేనేదో రాసి అక్క మనసు విరిచానని నాతో మాట మానేసింది.

ఆ మౌనం భరించలేక ఒకరోజు మళ్లీ కార్డు రాసి పసుపులో వేలు ముంచాను. గాటు శుభ్రంగా పడింది. ఇంకో కార్డు, ఇంకో కార్డు. అన్నిటి మీదా నా వేలే. ఇప్పుడు అమ్మకు చూపుంది. అన్నీ చింపేశాను.

తర్వాత మూడేళ్లు బతికింది. బాగుచేయించిన ఆ కంటితో మూడేళ్లూ పోస్ట్‌మ్యాన్ వచ్చే దారి చూసింది.

ఆ ముద్రలు పెద్దమ్మవే, చెల్లె కన్ను కోసం వేసింది అని ఒక రోజు అనుకుంటాను. మరునాడు ఆ మాట అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటాను. ఇన్నేళ్లయినా తేలలేదు, ఇక తేలదు. తేలింది ఒక్కటే. నలభై రోజులు ఏడవకుండా ఆపగలిగాను గానీ, నలభై ఒకటో రోజున ఏడవనివ్వలేకపోయాను. నలభై ఏళ్ల దోస్తు కోసం అమ్మ ఒక్క చుక్క కన్నీరు పెట్టకుండానే పోయింది.