మస్తానప్ప విన్న పిలుపు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లు మంట. నేను భూములు కొలిచే సర్వేయరును. గొలుసుకూ దిక్సూచికీ అందనిదేదీ నమ్మేవాణ్ణి కాదు. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, అహోబిలం కొండల కింద ఒక పల్లెలో జరిగిందిది. చూసింది చూసినట్టే రాస్తున్నాను.

నా దగ్గర గొలుసు పట్టే మనిషి మస్తానప్ప. బండలు పేల్చే పనిలో మందు పేలి రెండు చెవులూ పోయాయి. అందుకని మేం గొలుసుతోనే మాట్లాడుకునేవాళ్లం. ఒకసారి గుంజితే ఆగు, రెండుసార్లు గుంజితే లాగు.

చెవులు పోయిన మరుసటేడు ఆయన కూతురు ఇమాంబీ పుట్టింది. దానికి ఆరేళ్లొచ్చాయి. ఆయనది రోజూ ఒకటే మాట.

"నా బిడ్డ గొంతు ఎట్లుంటాదప్పా? ఊరంతా విన్న్యారు, నాకే ల్యాకపాయ."

చేతులతో ఏం చెప్పగలను?

ఆ మధ్యాహ్నం గుట్ట మీద నల్లబండ దగ్గర ఆగాం. అక్కడ దిక్సూచి ముల్లు ఉత్తరం వదిలి పక్కకు తిరిగేది. బండలో ఇనుముందని నాకు తెలుసు, వింతేం లేదు. మస్తానప్ప ఆ బండకు తల ఆనించి కునుకు తీస్తున్నాడు. ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు.

"అప్పా, పాప పిలుస్తాండాది!"

చుట్టూ చూశాను. నరపురుగు లేదు. ఊరు మైలు దూరం. లేదని చెయ్యి ఊపాను.

"నాయనా అంటాండాదప్పా, నా బిడ్డే!" అంటూ పరుగందుకున్నాడు. ఈ మనిషికి ఎండ తలకెక్కిందని తిట్టుకుంటూ, గొలుసు భుజాన వేసుకుని నేనూ వెంటపడ్డాను.

ఇంట్లో ఎవరూ లేరు. ఆయన భార్య పొద్దున వాకిట్లోని జొన్నల పాతర మూత తీసి, లోపలి చెడుగాలి పోవాలని అట్లే వదిలి చేనికి వెళ్లింది. పాతరంటే ధాన్యం దాచే లోతైన గుంత. ఆ గాలి పీలిస్తే ప్రాణం పోతుంది. తొంగి చూస్తే అడుగున ఇమాంబీ, కదలడం లేదు.

మస్తానప్ప ఊపిరి బిగబట్టి దూకేశాడు. నేను గొలుసు లోపలికి వదిలాను. ఆయన దాన్ని బిడ్డ నడుముకు చుట్టి రెండుసార్లు గుంజాడు. లాగాను, బిడ్డ పైకొచ్చింది. నా కేకలకు పరుగెత్తుకొచ్చిన వాళ్లు తాడు వేసి ఆయన్నీ లాగారు.

సాయంత్రానికి పాప తేరుకుంది. నాయన్ను చాలాసేపు పిలిచావా అని అడిగాను.

"ల్యా. కాలు జారి పన్న్యా, నోరే పెగల్లేదు. మనసులోనే పిల్చుకున్న్యా."

ఆ మాట ఆయనకు చేతులతో ఎట్లా చెప్పాలో తెలియలేదు. చెప్పలేదు.

తర్వాత ఎన్నోసార్లు ఇద్దర్నీ ఆ బండ దగ్గరికి తీసుకుపోయాను. పాప గొంతు చించుకుని అరిచేది. ఆయన బండకు తల ఆనించి, కళ్లు మూసుకుని, చివరికి అడ్డంగా తల ఊపేవాడు. దిక్సూచి ముల్లు మాత్రం ఎప్పటిలాగే పక్కకు తిరిగేది.

"ఒగసారి విన్న్యా గదప్పా, సాలు" అనేవాడు. ఆ తర్వాత, తాను విన్న పిలుపు ఎట్లుందో గొంతు సన్నం చేసి నాకు వినిపించేవాడు. "నాయనా..."

చివర కొంచెం సాగదీసి, మధ్యలో చిన్న జీరతో, అచ్చం ఇమాంబీ పిలిచినట్టే ఉండేది. ఆయనకు ఎట్లా తెలిసిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.