మామ కంప్యూటర్‌లో సగం మెమరీ

పక్కగది మామ పోయాడని కబురొచ్చేసరికి నేను ఫాక్‌లాండ్ రోడ్‌లోని నా రిపేరు దుకాణంలో ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పుకుని కూర్చున్నాను. గుండెపోటట. మేమంతా ఇంటికొక గదిలో ఉండే పాత భవంతికి, మా చాల్‌కు పరుగెత్తుతుంటే నాకు ముందుగా ఆయన కంప్యూటరే గుర్తొచ్చింది. ఈ నాలుగు మాటలు రాయడానికి చెయ్యి సిగ్గుపడేది అందుకే.

చుట్టరికం లేకపోయినా కామాఠిపురలో మా అందరికీ ఆయన మామే. పెళ్లయినా బోనాలైనా వీడియో తీసేది ఆయనే. మాటల్లేని రెండిళ్లవాళ్లను కూడా రెక్కపట్టి పక్కపక్కన నిలబెట్టి, "కొట్లాట రేపు పెట్టుకోండ్రి, ఇప్పుడైతే నవ్వుండ్రి" అనేవాడు. ఎవరి వస్తువు కనబడకపోయినా ఆయనది ఒకటే మాట: "పోతే యాడికి పోతదిరా? ఈడనే యాడనో కూసొని ఉంటది." ఆయన కళ్లజోడు మాత్రం ఎప్పుడూ ఆయన నెత్తిమీదే దొరికేది.

చాల్ కూల్చి కొత్తది కడతారని తేలాక, మేం తలోదిక్కు పోయేలోపు పాత వీడియోలన్నీ కలిపి అందరికీ ఒక సినిమాగా చూపించాలని పట్టుబట్టాడు. కంప్యూటర్ ఆయన గదిలోనే పైన, అటక మీద ఉండేది. దాని లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే నేనే మార్చాను. అప్పటినుంచీ వీడియోలు కలపబోతే చాలు, మిషను బిగుసుకుపోయేది.

"అల్లుడా, మెమరీ ఎనిమిది జీబీ ఉండె గద. ఇప్పుడు సగమే వాడుతున్నదంట. జర పైకొచ్చి చూడు."

నాకు నిచ్చెన ఎక్కాలంటే బద్ధకం. కిందినుంచే తేల్చేశాను. "బోర్డు ఖరాబైంది మామా. ముసల్దైంది, ఇడిసిపెట్టు."

నమ్మాడు. ఇంత గల్లీలో కంప్యూటర్ తెలిసినవాణ్ని నేనే కదా! ఆ నమ్మకమే ఇప్పుడు నన్ను తినేస్తోంది. ఆ తర్వాత చిన్న చిన్న ముక్కలు కలుపుకుంటూ, ఆగినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టేవాడు. "అయితది తీయ్, మెల్లగ" అనేవాడే గానీ నన్ను ఒక్క మాటనలేదు. సినిమా పూర్తికాకుండానే పోయాడు.

"ఆయన సినిమా ఏమాయెనో చూడు నాయినా" అని అత్త అడిగితే, అప్పుడెక్కాను నిచ్చెన. కంప్యూటర్ లేస్తుండగానే కీ నొక్కి సెట్టింగులు తెరిచాను. నేను బ్యాటరీ మార్చినప్పుడు అవన్నీ మొదటికొచ్చాయి. మెమరీ మొత్తాన్ని మిషనుకు అందించే మెమరీ రీమ్యాప్ అనేది ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి సేవ్ చేశాను. మెమరీ మొత్తం వచ్చేసింది. బోర్డు నిక్షేపంగా ఉంది. అటక మీద మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాను.

మిగిలిన ముక్కలు కలిపి, దినాల నాడు వరండాలో దుప్పటి కట్టి సినిమా వేశాం. ఎంతసేపు చూసినా మామ మాత్రం కనబడడు. కెమెరా వెనక ఉండేవాడు ఎలా కనబడతాడు? గొంతొక్కటే వినబడింది: "ఆగుండ్రి, ఆగుండ్రి. అందరు జర ఇటు చూడుండ్రి!"

అంతే, వరండాలో ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. మరాఠీలో కబుర్లాడుకుంటున్న పిల్లలు నిటారుగా కూర్చున్నారు. కళ్లు తుడుచుకుంటూనే అత్త నవ్వుముఖం పెట్టింది. అందరూ అటు చూశారు. నేనొక్కణ్నే తల ఎత్తలేకపోయాను.